సోషల్ ఆడిట్‌లో రాసిన రికవరీ ఎవరి దగ్గర ఆగింది? ఉపాధి పనుల మీద ప్రభుత్వ నిఘా గురించి అడుగుతున్నా

పెన్నాగట్టు

అందరికీ నమస్తే. మాది అనంతపురం జిల్లా, మండలం పేరు రాయను, రాస్తే రేపటికల్లా ఆఫీసులో నేనెవరో తెలిసిపోతుంది. పోయిన ఏడాది మా పంచాయతీలో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ (సోషల్ ఆడిట్) జరిగింది. బృందంలో వచ్చిన పిల్లలు నిజంగానే కష్టపడ్డారు, ఇంటింటికీ తిరిగి జాబ్ కార్డులు చూశారు, ఎండలో కుంటల్లోకి దిగి టేపు పట్టి కొలిచారు. తవ్వని కుంటకి బిల్లు అయిందని, బెంగళూరులో పెయింటింగ్ పనులు చేసుకునేవాళ్ళకి ఇక్కడ మస్టర్ (కూలీల హాజరు పట్టీ) పడిందని గ్రామసభలో చదివి వినిపించారు. తర్వాత మండలంలో ప్రజావేదిక అని బహిరంగ విచారణ పెట్టి, రికవరీ, అంటే తిన్న డబ్బు వెనక్కి కట్టించాలని రాశారు. అంతే. ఆ డబ్బు ఎవరు కట్టారో, అసలు కట్టారో లేదో చెప్పేవాళ్ళు లేరు. మండలంలో అడిగితే ఫైలు జిల్లాకి పోయింది అంటారు, జిల్లాలో అడిగితే మండలానికే తిప్పి పంపాం అంటారు.

ఇంకో సంగతి. పనుల మీద కన్నేసి ఉంచడానికి మా ఊళ్ళో విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ ఒకటి ఉందని నాకు ఆ గ్రామసభలోనే తెలిసింది. అందులో సభ్యురాలైన మా వీధి పెద్దమ్మకి కూడా అప్పుడే తెలిసింది.

పనులు ఎంచుకోవడం, చేయించడం ఊరి స్థాయిలో ఉన్నప్పుడు పైనుంచి ప్రభుత్వం ఎంతవరకు చూడాలి? చూసి తప్పు దొరికాక ఏం చేయాలి? ఈ పనుల్లో ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

రెండెకరాలరైతు

చేయాల్సింది ఒకటే, పథకం ఎత్తేయడం. వేరుశనగలో కలుపు తీయడానికి మనిషి దొరక్క నేను చస్తున్నా, వీళ్ళు పొద్దున్నే పోయి ఫొటో దిగి చెట్టు కింద కూర్చుని వస్తారు. దాన్ని తనిఖీ చేసేవాడికి ఒక జీతం, ఆ తనిఖీ చేసేవాడి మీద ఇంకొకడు, వాడికీ జీతం.

పెన్నాగట్టు

అన్నా, ఇక్కడ గొడవ చెట్టు కింద కూర్చున్నవాళ్ళ గురించి కాదు, తవ్వని కుంట గురించి. ఆ బిల్లు చెట్టు కింద కూర్చున్నవాళ్ళు రాసుకోలేదు కదా.

పాతడీఆర్పీ

నేను ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో ఈ తనిఖీల్లో చేరి డీఆర్పీగా (డిస్ట్రిక్ట్ రిసోర్స్ పర్సన్) కొన్నేళ్ళు చేశాను, ఇప్పుడు మానేశాను. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక ఉంటే చదవండి.

2006 ఫిబ్రవరి 2న ఈ పథకం మొదలైందే మీ జిల్లాలో. నార్పల మండలం బండ్లపల్లికి మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి మొదలుపెట్టారు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు 1994 నుంచే జన్ సున్వాయీ అని బహిరంగ విచారణలు పెట్టి, మస్టర్ రోల్‌ను జనం ముందే చదివి, ఈ పేరున్న మనిషి ఇక్కడున్నాడా, ఈ డబ్బు నీకు ముట్టిందా అని అడిగేవాళ్ళు. వాళ్ళ దగ్గర నేర్చుకుని మన రాష్ట్రం ఆ పద్ధతిని ప్రభుత్వమే చేసే పనిగా మార్చింది. 2009లో దానికోసం విడిగా సొసైటీ పెట్టారు. పని చేయించే శాఖ కింద తనిఖీ చేసేవాడు ఉండకూడదు అన్నది లెక్క. 2011లో కేంద్రం కాగ్‌తో మాట్లాడి దేశం మొత్తానికి రూల్స్ చేసింది, ఆరు నెలలకొకసారి తనిఖీ చేయాలని, సభకి పదిహేను రోజుల ముందే రికార్డులన్నీ బృందానికి ఇవ్వాలని అందులో ఉంది.

ఊళ్ళోకి పోయాక మేం ఎఫ్ఏ (ఊళ్ళో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్) ఇంట్లో టీ కూడా తాగేవాళ్ళం కాదు. బడిలోనో కూలీల ఇళ్ళలోనో పడుకునేవాళ్ళం. చదువు రాని ముసలమ్మ "నేను ఆ నెలంతా కాలు విరిగి మంచంలో ఉన్నా నాయనా, పనికెట్లా పోతా" అని చెప్పిన మాటతో మస్టర్ మొత్తం బయటపడిన ఊళ్ళు చూశాను. చనిపోయినవాళ్ళ పేర్లు, పాత కుంటకే పూడిక తీసి కొత్త కుంటగా చూపించడం, జేసీబీతో తవ్వించి కూలీల పేర్లు రాయడం (ఈ పనుల్లో మెషిన్లు, కాంట్రాక్టర్లు ఉండకూడదని చట్టమే చెబుతుంది), నాటని మొక్కలకి నీళ్ళు పోసినట్టు బిల్లు, ఇవన్నీ దొరికేవి.

దొరకడం వరకు మన రాష్ట్రం బాగా చేసింది, నేను గర్వంగానే చెప్తా. తర్వాత ఏం చేయాలన్నది మాత్రం మా చేతుల్లో లేదు. రూల్స్ ప్రకారం తనిఖీలో తేలినదాని మీద చర్య తీసుకోవాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, అంటే చివరికి పనులు చేయించిన అదే శాఖ. ఎవరి సంతకంతో బిల్లు పాసైందో ఆయన పక్క సీటాయనే రికవరీ నోటీసు టైప్ చేయాలి. దొంగకే తాళం చెవి ఇచ్చినట్టు అనను కానీ, దాదాపు ఆ వీధిలోనే ఉంటుంది ఆ తాళం చెవి. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో సోషల్ ఆడిట్ కోసం ప్రత్యేకంగా ఒక చట్టం కూడా చేశారు, మొబైల్ కోర్టులు అన్నారు. ఆ చట్టం సరిగ్గా నడిచి ఉంటే మీరిప్పుడు ఈ ప్రశ్న అడగాల్సిన పని ఉండేది కాదు.

ఎఫ్ఏఇంటిమనిషి

పాత డీఆర్పీ సార్, మీరు చెప్పినదాంట్లో ఒకటి దాటేశారు. రికవరీ ఎవరి పేరు మీద రాస్తారు? మా నాన్న ఫీల్డ్ అసిస్టెంట్‌గా చేశాడు. మస్టర్ వేసేది ఎఫ్ఏ, నిజమే. మరి కొలతలు తీసి ఎం-బుక్ (కొలతల పుస్తకం) రాసేది ఎవరు? టెక్నికల్ అసిస్టెంట్. దాన్ని చెక్ మెజర్‌మెంట్ చేసేది, అంటే మళ్ళీ కొలిచి సరిచూసేది, ఆయన పైన ఇంకొకరు. డబ్బు కదలాలంటే ఎఫ్‌టీఓ (డబ్బు బదిలీ ఉత్తర్వు) మీద ఇద్దరి డిజిటల్ సంతకాలు పడాలి, అవి ఎఫ్ఏవి కావు. కానీ ప్రజావేదికలో స్టేజీ మీద పెద్దసార్లు, కింద నిలబడి తిట్లు తినేది ఎఫ్ఏ. తవ్వని కుంటకి బిల్లు అయిందంటే ఇంతమంది చూడకుండా సంతకం పెట్టారనా, చూసే పెట్టారనా? రికవరీ మాత్రం పెద్ద ముక్క ఎఫ్ఏకి, తర్వాత టీఏకి, పైకి పోయేకొద్దీ చిన్నదైపోతుంది, ఆఖరి ఆయనకి మందలింపు.

మా నాన్న మంచోడని సర్టిఫికెట్ ఇవ్వడానికి రాలేదు నేను. ఊళ్ళో ఎవరి మాట వినాలో వాళ్ళ మాట విన్నాడు, లేకపోతే ఆ ఉద్యోగంలో ఉండేవాడు కాదు. కానీ ఆ మాట చెప్పినవాళ్ళ పేర్లు ఏ రిపోర్టులో ఉండవు.

పాతడీఆర్పీ

నువ్వు చెప్పింది నిజం తమ్ముడూ. మేం రిపోర్టులో బాధ్యులు అని అందరి హోదాలూ రాసేవాళ్ళం. ప్రజావేదికలో ప్రిసైడింగ్ అధికారి తీర్పు చెప్పేసరికి ఆ లిస్టు సన్నబడేది.

పాలమూరుబిడ్డ

మా దిక్కు ఇంకో కథ. తెలంగాణలో 2020 మార్చిలో ఎఫ్ఏలు సమ్మె చేస్తే ఏడున్నర వేలమందికి పైగా ఒక్క దెబ్బకి తీసేశారు. ఆ పనంతా పంచాయతీ సెక్రటరీల నెత్తిన పడ్డది. ట్రాక్టరు, నర్సరీ, డంపింగ్ యార్డు, పల్లె ప్రకృతి వనం, దాని మీద ఉపాధి మస్టర్లు కూడా. 2022లో మళ్ళీ తీసుకున్నారు. మధ్యలో ఆ రెండేండ్లు మా ఊరి కూలీలకి పని అడగాలంటే ఎవర్ని అడగాల్నో తెలియలే. కింది మనిషిని తీసేస్తే అవినీతి పోతదనుకున్నారేమో, పని అడిగే దారి మాత్రం పోయింది.

నిఘా అంటే ఇంకోటి గుర్తొచ్చింది. 2022లో పంట కల్లాల గొడవ యాదికుందా? రైతులు వడ్లు ఆరబోసుకోవడానికి ఉపాధి నిధులతో సిమెంటు కల్లాలు కట్టించారు. కేంద్రం టీమ్ వచ్చి చూసి, ఇది అనుమతించిన పనుల్లో లేదు, 151 కోట్లు వెనక్కి కట్టండి అన్నది. సముద్రం ఉన్న రాష్ట్రాల్లో చేపలు ఆరబెట్టుకునే కల్లాలకి ఒప్పుకుంటారు, మా వడ్లకెందుకు ఒప్పుకోరు అని ఇక్కడ ధర్నాలు చేశారు. నాకైతే రెండు దిక్కులా కొంచెం కొంచెం న్యాయం కనిపించింది. రూల్ రూలే. కానీ ఆ కల్లం నా కళ్ళముందు ఉంది, దాని మీద వడ్లు ఆరుతున్నయి. కండ్ల ముందు కనిపించేదానికి డబ్బులు వాపస్ అడిగిండ్రు, కనిపించని కుంటల సంగతి ఎవరు అడగాలె?

కోడ్‌కూలీ

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఒక అమాయకపు ప్రశ్న. ఇప్పుడు పని దగ్గర ఫొటోలు తీసే యాప్ ఉందిగా? ఆధార్‌తో పేమెంట్ నేరుగా అకౌంట్‌లోకి వెళ్తుందిగా? మధ్యలో మనుషులే లేనప్పుడు దొంగ మస్టర్ ఎలా పడుతుంది? టెక్నికల్‌గా చూస్తే ఇది ఎప్పుడో సాల్వ్ అయిపోవాలి కదా.

ఉద్దానంఅక్క

తమ్ముడూ నేను మేట్‌ని, అంటే పని దగ్గర కూలీలకి హాజరు వేసేదాన్ని, శ్రీకాకుళం జిల్లా. ఆ యాప్ నా ఫోన్‌లోనే ఉంది కాబట్టి నేను చెప్తా.

2023 జనవరి నుంచి, ఒక్కొక్కరి సొంత పనులు తప్ప, ప్రతి పనికీ ఆ యాప్‌లోనే హాజరు. పొద్దున ఒక ఫొటో, తర్వాత ఇంకో ఫొటో. మా కొండ కింద సిగ్నల్ ఉండదు, ఫొటో తీసుకుని రోడ్డు దాకా నడిచి వచ్చి అప్‌లోడ్ చేయాలి. ఒక్కోసారి రెండో ఫొటో ఎక్కదు, అప్పుడు ఆ రోజు పని చేసినోళ్ళంతా నా ఇంటి మీదకి వస్తారు. వాళ్ళ తప్పు లేదు, నా తప్పూ లేదు, డబ్బు మాత్రం పోతుంది. ఫోన్ నాది, చార్జింగ్ నాది, డేటా నాది, తిట్లు కూడా నావే.

ఇక దొంగ మస్టర్ ఎలా పడుతుందంటావా, చాలా సులువు. ఫొటోని ఇంకో ఫోన్‌లో పెట్టి దానికే ఫొటో తీస్తారు. పనికి సంబంధం లేని ఏదో గుంపు ఫొటో పెడతారు. ఒకే ఫొటో నాలుగు మస్టర్లకి వాడతారు. ఇది నేను పుట్టించి చెప్పడం లేదు, 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి సర్క్యులర్ పంపింది ఇలా జరుగుతోందని, ఇక నుంచి ఫొటోలు పంచాయతీ నుంచి పైదాకా మనుషులు కూర్చుని చూడాలని. చూశావా, యాప్ పెట్టారు మనుషుల్ని నమ్మలేక, ఇప్పుడు యాప్‌ని చూడటానికి మళ్ళీ మనుషులు. తర్వాత మొహం స్కాన్ చేసే ఈకేవైసీ కూడా వచ్చింది. మా గ్రూపులో ఉన్న పెద్దావిడకి ఆధార్‌లో ఉన్న మొహం పన్నెండేళ్ళ కిందటిది, స్కాన్ ఒప్పుకోదు.

ఇంత చేసి కూడా ఎవరూ చూడనిది ఒకటుంది. గుంత లోతు. ఫొటోలో మనుషులు కనపడతారు, గుంత ఎంత లోతుందో కనపడదు. డబ్బు తినేది అక్కడ. మెటీరియల్ బిల్లులో. సిమెంటు, కంకర, ఇసుక ఎన్ని బస్తాలు ఎన్ని లోడ్లు వచ్చాయో యాప్ అడగదు. మా మొహాలు మాత్రం రోజుకి రెండుసార్లు ఢిల్లీ దాకా పోతాయి.

కోడ్‌కూలీ

అక్కా, సారీ, ఇంత ఉందని నాకు తెలియదు. కానీ మెటీరియల్ ఇన్వాయిస్‌లకి కూడా ఫొటో పెడితే?

ఉద్దానంఅక్క

పెట్టమను. నేను రోడ్డు దాకా నడిచి వచ్చి అప్‌లోడ్ చేయాల్సినది కాకుండా కాంట్రాక్టరు ఏసీ రూములో కూర్చుని అప్‌లోడ్ చేయాల్సినది ఒకటైనా పెట్టమను, చూద్దాం.

సెక్షన్లసుబ్బారాయుడు

చట్టం కాపీ పక్కన పెట్టుకుని రాస్తున్నా, పాత 2005 ఉపాధి హామీ చట్టం సంగతి. 16వ సెక్షన్ ప్రకారం పనులు ఎంచుకునేది గ్రామసభ సిఫారసుల మీద పంచాయతీ, ఖర్చు లెక్కన కనీసం సగం పనులు పంచాయతీ ద్వారానే జరగాలి. 17వ సెక్షన్ ప్రకారం గ్రామసభే తనిఖీ చేయాలి, మస్టర్లు, బిల్లులు, వోచర్లు, కొలతల పుస్తకాలు, మంజూరు ఉత్తర్వుల కాపీలు అన్నీ పంచాయతీ సభ ముందు పెట్టాలి. 23వ సెక్షన్‌లో ఫిర్యాదుని ఏడు రోజుల్లో తేల్చాలని ఉంది. 25వ సెక్షన్‌లో చట్టాన్ని ఉల్లంఘిస్తే జరిమానా వెయ్యి రూపాయల దాకా. పొరపాటు పడలేదు, వెయ్యే, ఇంకో సున్నా లేదు.

27వ సెక్షన్ చూడండి, అసలు పదును అక్కడుంది. నిధులు దారి తప్పాయని ఫిర్యాదు వచ్చి, ప్రాథమికంగా నిజమే అనిపిస్తే, కేంద్రం ఏ ఏజెన్సీతోనైనా విచారణ చేయించవచ్చు, అవసరమైతే నిధులు ఆపేయవచ్చు, తగిన సమయంలో సరిదిద్దే చర్యలు తీసుకోవాలి. పశ్చిమ బెంగాల్‌కి 2022 మార్చి 9 నుంచి ఈ సెక్షన్ కిందే నిధులు ఆపారు. ఆపడం వెంటనే జరిగింది, సరిదిద్దడం మూడేళ్ళయినా జరగలేదు. 2025 జూన్‌లో కలకత్తా హైకోర్టు, అవకతవకలు జరగకుండా కేంద్రం కావాలంటే ప్రత్యేక షరతులు పెట్టుకోవచ్చు కానీ ఆగస్టు 1 నుంచి పథకం మొదలుపెట్టాల్సిందే అంది. దాని మీద కేంద్రం సుప్రీంకోర్టుకి వెళ్తే అక్టోబర్‌లో అప్పీలు కొట్టేశారు.

అంటే చట్టం చేతిలో రెండే ఆయుధాలు. ఒకటి వెయ్యి రూపాయల జరిమానా, దాన్ని ఎవరూ లెక్క చేయరు. రెండోది రాష్ట్రం మొత్తానికి నల్లా కట్టేయడం, దానికి తప్పు చేయనివాళ్ళే బలి. మధ్యలో ఏమీ లేదు.

రెండెకరాలరైతు

బెంగాల్‌లో దొంగతనం జరగలేదంటావా? కేంద్రం టీములు పోయి చూసే కదా ఆపింది.

సెక్షన్లసుబ్బారాయుడు

జరగలేదని నేను అనలేదు రైతన్నా. జరిగింది కాబట్టే కోర్టు కూడా విచారణ ఆపమనలేదు. తిన్నవాడిని పట్టుకోండి, పనిచేసినవాడి కూలి ఇవ్వండి అంది. మీ పొలంలో గట్టు తెగ్గొట్టి నీళ్ళు మళ్ళించుకున్నది పక్క పొలం ఆయనైతే ఊరందరి బోర్లకీ కరెంటు తీసేస్తే ఒప్పుకుంటారా?

సైట్‌ఇంజినీర్_మియాపూర్

దీని మీద నేను ఒక్కమాట. మా సైట్‌లో ముర్షిదాబాద్, మాల్దా నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. సెంట్రింగ్, ప్లాస్టరింగ్ వాళ్ళే చేస్తారు. ఒకసారి భోజనం దగ్గర కూర్చుని అడిగితే, ఇంతకుముందు ఏడాదిలో కొన్నాళ్ళు ఊళ్ళోనే చెరువు పని ఉండేది, అది ఆగాక ఇంట్లో ఆడవాళ్ళ సంపాదన కూడా ఆగిపోయింది, చేసిన పనికి కూడా కూలి రాలేదు అన్నారు ఇద్దరు. ఊళ్ళో డబ్బు తిన్నాయన ఎలా ఉన్నాడని అడిగా. బాగానే ఉన్నాడట, కొత్త మోటార్ సైకిల్ కొన్నాడట.

డల్లాస్‌బాబాయ్

ఇదంతా చదివాక నాకు అనిపించింది, అసలు అధికారులూ వద్దు యాప్‌లూ వద్దు, ఊళ్ళో చదువుకున్న పెద్దమనుషులు నలుగురితో కమిటీ వేసి వాళ్ళకి అప్పజెప్తే సరిపోతుంది కదా. మేం ఇక్కడ మా అసోసియేషన్ అలాగే నడుపుతున్నాం.

పెన్నాగట్టు

బాబాయ్ గారూ, ఊళ్ళో పెద్దమనుషులు నలుగురు ఎవరో మీకు తెలియంది కాదు. కుంట ఎవరి పొలంలో తవ్వాలో చెప్పేది ఇప్పుడూ వాళ్ళే. జన్మభూమి కమిటీలప్పుడు పింఛను ఎవరికి ఇవ్వాలో కూడా కమిటీనే చెప్పింది, ఏమైందో అందరికీ తెలుసు. ప్రభుత్వం వేసిన కమిటీకి ఊరు జవాబుదారీ అయిపోయింది, కమిటీ మాత్రం ఎవరికీ జవాబుదారీ కాలేదు.

రాయలకాలువ

జన్మభూమి కమిటీలు అంటున్నావు, మరి తర్వాత వచ్చిన వాలంటీర్ల సంగతి మాట్లాడవేం? 2019 తర్వాత పాత ప్రభుత్వంలో చేసిన ఉపాధి పనుల బిల్లులు ఏళ్ళ తరబడి ఆపి, విజిలెన్స్ విచారణ అంటూ తిప్పి, చివరికి జనం హైకోర్టుకెక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. అది నిఘానా కక్షా?

మోడరేటర్

పార్టీల సంగతి ఇక్కడితో ఆపండి, ఈ దారం నాకు ఉపయోగంగా ఉంది, తాళం వేయాలని లేదు. తర్వాత వచ్చిన ఆరు కామెంట్లు తీసేశాను.

పాతడీఆర్పీ

మోడరేటర్ గారూ, రాయలకాలువ ఆఖరి వాక్యం మాత్రం ఉంచినందుకు థ్యాంక్స్, ఎందుకంటే అది పార్టీ ప్రశ్న కాదు. తనిఖీ ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ముగుస్తుంది అనేది ముందే రాసి ఉంటే అది నిఘా. సర్కారు మారినప్పుడు మొదలై, బిల్లు ఆగినంతకాలం ముగియకపోతే అది వేరే. సోషల్ ఆడిట్‌లో నాకు నచ్చింది అదే, ఎవరు అధికారంలో ఉన్నా ఆరు నెలలకొకసారి బృందం రావాలి. అది తప్పించాలంటే ఒకటే దారి, బృందానికి జీతాలు ఆపడం. చాలా రాష్ట్రాల్లో అదే చేశారు, తనిఖీ యూనిట్లకి రావాల్సిన డబ్బు పైనుంచి ఆలస్యం, పిల్లలు నెలల తరబడి జీతం లేకుండా ఊళ్ళు తిరగలేక మానేస్తారు. తనిఖీ రద్దు చేశామని ఎవరూ చెప్పరు.

కోడ్‌కూలీ

2025 డిసెంబర్‌లో ఈ ఉపాధి హామీ చట్టం బదులు పార్లమెంటు కొత్త చట్టం చేసింది కదా, వీబీ జీ రామ్ జీ అంటున్నారు. దాంట్లో ఇదంతా మారుతుందా?

సెక్షన్లసుబ్బారాయుడు

పెద్ద మార్పులు డబ్బు దగ్గర ఉన్నాయి. వంద రోజులు 125 అయ్యాయి. పాతదాంట్లో కూలి డబ్బు మొత్తం కేంద్రానిది, మెటీరియల్‌లో నాలుగో వంతు రాష్ట్రానిది. ఇప్పుడు మన లాంటి రాష్ట్రాలకి మొత్తం ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి ఇంత అని కేంద్రం ముందే నిర్ణయిస్తుంది, అది దాటితే రాష్ట్రమే పెట్టుకోవాలి. నాట్లు, కోతల సీజన్‌లో ఏడాదికి 60 రోజులు పనులు ఆపవచ్చు, రైతన్న సంతోషపడతారు. సోషల్ ఆడిట్ ఉంది, టెక్నాలజీ నిఘా ఇంకా పెంచుతామన్నారు.

పాలమూరుబిడ్డ

40 పైసలు తమ జేబుల్నుంచి పోతే రాష్ట్రం కూడా కండ్లు తెరిచి చూస్తదేమో. ఇన్నేండ్లు కూలి డబ్బులు కేంద్రానివే కదా, పోతే ఎవరివి పోయినయ్ అన్నట్టు ఉండె కొందరి తీరు.

ఉద్దానంఅక్క

లేదంటే అసలు పనే ఇవ్వరు. పని లేకపోతే అవినీతీ లేదు. పాత చట్టంలో కూడా పని అడిగిన పదిహేను రోజుల్లో ఇవ్వకపోతే రాష్ట్రం నిరుద్యోగ భృతి ఇవ్వాలి, మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, ఆ తర్వాత సగం. మా పంచాయతీలో ఆ భృతి తీసుకున్న మనిషిని నాకు చూపించండి. పని అడిగినట్టు తేదీ వేసి రసీదు ఇస్తేనే కదా లెక్క మొదలయ్యేది, ఆ రసీదే ఇవ్వరు. దాన్ని ఎవరైనా తనిఖీ చేశారా? దొంగిలించిన డబ్బుని వెతుకుతారు కానీ ఇవ్వకుండా మిగుల్చుకున్న డబ్బుని ఎవరూ వెతకరు.

పాతడీఆర్పీ

అక్కా, మీరు చెప్పిన పాయింట్ మేం రిపోర్టుల్లో రాసేవాళ్ళం, ప్రక్రియా లోపం అని. దానికి రికవరీ ఉండదు కాబట్టి ప్రజావేదికలో రెండు నిమిషాల్లో దాటేసేవాళ్ళు.

రెండెకరాలరైతు

సరే, ఒక సంగతి ఒప్పుకుంటా. మా ఊళ్ళో ఫారం పాండ్ (పొలంలో నీటి కుంట) నా పొలంలోనే ఉంది, అది నిజంగానే తవ్వారు, రెండేళ్ళుగా ఆ నీళ్ళతో ఒక తడి ఎక్కువ ఇస్తున్నా. కానీ దాని బోర్డు మీద రాసిన ఖర్చు చూసి మా ఆవిడ నవ్వింది. ఆ డబ్బుతో ఇంకో కుంట తవ్వి గట్టు మీద కొబ్బరి చెట్లు కూడా పెట్టొచ్చు. కూలీలకి అందులో ఎంత ముట్టిందో కనుక్కుంటే, కొలతలు తక్కువ వచ్చాయని రోజుకి 307కి బదులు రెండు వందల చిల్లరే పడిందట. నాకు కనిపించిన గుంత పెద్దది, వాళ్ళకి కొలిచిన గుంత చిన్నది, బోర్డు మీద గుంత అన్నిటికన్నా పెద్దది.

ఎఫ్ఏఇంటిమనిషి

ఇదిగో ఇది రాయండి ఎక్కడైనా. ఒకే గుంత మూడు సైజులు. ఈ మూడూ ఒకే పుస్తకంలో ఉంటాయి, ఎం-బుక్. దాన్ని ఊళ్ళో ఎవరైనా చదవగలిగేలా గోడ మీద రాస్తే సగం గొడవ తీరుతుంది.

పెన్నాగట్టు

అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. నేను ఇప్పుడు ఏం చేయాలో చెప్పండి. ఆర్‌టీఐ వేద్దామనుకుంటున్నా. రికవరీ ఎంత వసూలైందని అడిగితే చాలా?

సెక్షన్లసుబ్బారాయుడు

అలా అడగొద్దు, "చర్యలు ప్రక్రియలో ఉన్నాయి" అని ఒక లైన్ వస్తుంది. కాగితాలు అడుగు. ప్రజావేదిక నిర్ణయాల రిపోర్టు కాపీ, అందులో ఒక్కో పేరా మీద జారీ చేసిన నోటీసుల కాపీలు, డబ్బు కట్టి ఉంటే చలానా లేదా రసీదు కాపీలు, కట్టకపోతే ఆ ఫైలు ఇప్పుడు ఏ అధికారి దగ్గర ఏ తేదీ నుంచి ఉందో చూపే నోట్ ఫైల్. ఆ కుంట ఎం-బుక్ పేజీలు, చెక్ మెజర్‌మెంట్ చేసిన తేదీ, హోదా. వ్యక్తి పేరు అవసరం లేదు, హోదా చాలు. ఏపీ రూల్స్ ప్రకారం గ్రామ స్థాయిలో దరఖాస్తుకి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. కాపీలు పేజీకి 2 రూపాయలు. ముప్పై రోజుల గడువు.

పాతడీఆర్పీ

మండలంలో, జిల్లాలో రెండు చోట్లా ఒకే రోజు వెయ్యి. ఫైలు అక్కడుంది ఇక్కడుంది అనేది అప్పుడు రాతపూర్వకంగా చెప్పాల్సి వస్తుంది, ఎవరో ఒకరు దొరుకుతారు. జిల్లాలో అంబుడ్స్‌మన్ (ఈ పనుల మీద ఫిర్యాదులు విచారించేవారు) ఉంటారు, ఆయనకీ ఒక ఫిర్యాదు పెట్టు. మీ వీధి పెద్దమ్మ ఎలాగూ కమిటీ సభ్యురాలు కాబట్టి ఆవిడ సంతకంతో పెడితే ఇంకా మంచిది, పనులు చూడటం కాగితం మీద ఆవిడ బాధ్యతే.

పెన్నాగట్టు

పెద్దమ్మని అడిగా. సంతకం పెడతానంది కానీ ముందు ఆ కుంట ఎక్కడుందో తనకి చూపించమంటోంది. లేని కుంటని ఎలా చూపించాలో అర్థం కావట్లేదు. సోమవారం దరఖాస్తులు రెండూ పోస్టులో వేస్తున్నా, రిజిస్టర్డ్‌గా.

ఎఫ్ఏఇంటిమనిషి

వర్క్ ఐడీ నంబరు తప్పకుండా రాయి అన్నా. అది లేకపోతే ఏ కుంటో తెలియడం లేదని వెనక్కి పంపుతారు. పంచాయతీ పేరుతో ఆన్‌లైన్‌లో వెతికితే పనుల లిస్టులో ఉంటుంది.